కాళమ్మ ఊపిరిలో పేరు

ఆ ఊళ్ళో తెలివంటూ ఉంటే అది కమ్మరి కాళమ్మ ఇంట్లోనే ఉందని అందరూ చెప్పుకునేవారు. అందరూ అంటే మరెవరో కాదు. కాళమ్మ, ఆవిడ కొడుకులు సోమాచారి, లింగాచారి, పెద్దకోడలు నాగరత్నం. ఊరివాళ్ళకి తీరిక లేక, వీళ్ళ గురించి వీళ్ళే చెప్పుకునేవారు.

"మన బుర్రలు పక్కింటివాళ్ళకి ఇచ్చినా మనకింకా మిగులుతాయి," అనేది కాళమ్మ.

"ఇవ్వకండత్తయ్యా! జల్లెడ పట్టుకెళ్ళి ఇంతవరకూ తెచ్చివ్వలేదు వాళ్ళు," అనేది నాగరత్నం.

అంత తెలివైన ఇంట్లో ఓసారి పెద్ద చిక్కొచ్చిపడింది. కాళమ్మ మొగుడి ఆబ్దికం దగ్గరపడింది. ఏటా వచ్చే ముసలి పంతులు కాలం చేశాడు. కొత్త పంతులొచ్చి అరుగుమీద కూర్చుని, "మీ నాన్నగారి పేరేమిటయ్యా?" అని అడిగాడు.

సోమాచారి పకపకా నవ్వాడు. "నాన్న పేరు నాన్నే కదండీ!"

"అది కాదయ్యా. ఊళ్ళోవాళ్ళు ఏమని పిలిచేవారు?"

"కమ్మరాయనా అని."

"మామయ్యగారూ అని కూడా పిలిచేవారు. నేనే," అంది నాగరత్నం తలుపు చాటునుంచి.

పంతులు కాళమ్మ వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా."

"శివశివా! మొగుడి పేరు నోటితో పలుకుతానా? కళ్ళు పోవూ!"

"పేరు లేకుండా పిండం పెడితే ఎవరికి చేరుతుందమ్మా? దారినపోయే ఏ ఆత్మో తినేసి చెయ్యి కడుక్కుంటుంది. ఆబ్దికం నాటికి ఎలాగోలా కనుక్కోండి," అని పంతులు లేచి వెళ్ళిపోయాడు.

పలకకూడదన్నది ఒక సంగతి. అసలు సంగతేమిటంటే, ఆ పేరు కాళమ్మకి గుర్తు లేదు. ఈమధ్య పొయ్యిమీద పాలు మర్చిపోతోంది. చేతిలో తాళంచెవి పెట్టుకుని ఇల్లంతా వెతుకుతోంది. పోతే పోనీ అనుకుంది. కానీ పెళ్ళైన నాటినుంచీ ఒక్కసారీ వాడని పేరు, పెట్టెలో దాచిన పట్టుచీరలా ఎక్కడికీ పోదనుకుంది. తీరా పెట్టె తెరిస్తే చీర లేదు. ఇవాళ పేరు పోయింది. రేపు ఆయన ముఖం కూడా పోతే?

"ఊళ్ళో పెద్దవాళ్ళనెవరినైనా అడగనా అమ్మా?" అన్నాడు లింగాచారి.

"నోర్ముయ్! మొగుడి పేరు మర్చిపోయిన మొహం అని ఊరంతా నవ్వరూ!"

ఆ రోజుల్లోనే రైసుమిల్లు వెనక షెడ్డులో ఓ స్వామి దిగాడు. ఊపిరి అదుపులో పెట్టుకుని ధ్యానంలో కూర్చుంటే లోపలున్నదంతా పైకి తేలుతుందని చెబుతున్నాడట. అంతే! నలుగురూ వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు.

"కళ్ళు మూసుకోండి," అన్నాడు స్వామి. "గాలి లోపలికి పోవడం చూడండి. బయటికి రావడం చూడండి."

"కళ్ళు మూసుకుని ఎలా చూస్తాం?" గుసగుసగా అన్నాడు సోమాచారి. "మనంత తెలివి లేదు పాపం. పైకి అనకండి, నొచ్చుకుంటాడు."

ఇంటికొచ్చాక లింగాచారి ఉపాయం చెప్పాడు. "గాలి కనపడదు. బూడిద కనపడుతుంది. బూడిదని గాలిలో కలిపితే?" కొలిమిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి తల్లి ముక్కు కింద పెట్టాడు. కాళమ్మ మనసారా పీల్చింది.

"అమ్మా, లోపలికి పోవడం చూశాను!"

ఇంకేముంది, ఇంటికప్పు ఎగిరేలా తుమ్మింది.

"బయటికి రావడం కూడా చూశాను!" అన్నాడు లింగాచారి, నెత్తినుంచి గడ్డం దాకా బూడిదతో.

"పేరు కూడా వచ్చిందేమో చూడరా!"

తడిమి చూశారు. రాలేదు.

మర్నాడు స్వామి, ఊపిరి పీల్చడం ఒక పని, వదలడం ఒక పని, రెండూ శ్రద్ధగా చెయ్యాలన్నాడు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొలిమి దగ్గర తిత్తి ఊదేవాడు సుత్తి పట్టడు. సుత్తి పట్టేవాడు తిత్తి ఊదడు. ఒకడే రెండు పనులకీ ఎగబడితే రెండూ చెడతాయని తండ్రి నేర్పిన పద్ధతి. అంతే! పీల్చే పని సోమాచారి పుచ్చుకున్నాడు, వదిలే పని లింగాచారి పుచ్చుకున్నాడు. పెద్దవాడు పీల్చాడు, పీల్చాడు, మొహం పండుమిరపకాయైంది. చిన్నవాడు వదిలాడు, వదిలాడు, గోనెసంచిలా కూలబడ్డాడు.

"వదలండి! వదిలెయ్యండి!" నెత్తి కొట్టుకుంది నాగరత్నం.

"అది వాడి పని!" అనబోయాడు సోమాచారి. ఆ అనడంలోనే గాలంతా పోయింది, బతికిపోయాడు.

ఆ తరవాతి రోజు స్వామి, ఇప్పుడు కొలిమితిత్తిలా గబగబా ఊపిరి ఆడించాలంటూ కళ్ళు మూసుకుని తనే మొదలెట్టాడు. బుసబుసమని ఆయన పడుతున్న ఆయాసం చూసి కాళమ్మకి కడుపు తరుక్కుపోయింది.

"ఒరే, ఇంట్లో నిక్షేపంలాంటి తిత్తి ఉండగా ఆయన ముక్కుతో అవస్థపడ్డం దేనికిరా?"

ఇంకేముంది, పరుగున వెళ్ళి తిత్తి మోసుకొచ్చారు. లింగాచారి దాని గొట్టం స్వామి ముక్కుకి ఆనించాడు. సోమాచారి బలంకొద్దీ నొక్కాడు. స్వామి జడలు నిలువునా లేచాయి. గడ్డం నిండా మసి. కూర్చున్న జింకచర్మంతో సహా వెనక్కి దొర్లాడు.

"ఏమన్నా పైకి తేలిందా స్వామీ?" ఆత్రంగా అడిగింది కాళమ్మ.

స్వామి లేచి రెండు చేతులూ జోడించాడు. "తల్లీ, నీకో దణ్ణం! ఇంటికెళ్ళి, నోరు మూసుకుని, ఓ మూల కదలకుండా కూర్చో! నీకదే యోగం!"

కాళమ్మ ఇంటికెళ్ళి, నోరు మూసుకుని, ఓ మూల కదలకుండా కూర్చుంది. నాగరత్నం అన్నానికి పిలిచినా పలకలేదు. నిన్నటి వెల్లుల్లికారం ముద్ద వాసన ఇంకా నోట్లోనే ఉంది. ఊపిరి వచ్చింది, పోయింది. దాన్ని చూడాలన్న సంగతి కూడా మర్చిపోయింది. అలా ఉండగా ఎప్పటిదో ఓ సాయంత్రం కళ్ళముందుకొచ్చింది. కొలిమి వెలుగులో ఆయన చెమట తుడుచుకుంటున్నాడు. గుమ్మంలోంచి అత్తగారు కేకేస్తోంది, "అన్నానికి రారా..." అంటూ పేరు పెట్టి. ఆ పేరు! మడత నలగకుండా అలాగే ఉంది. కాళమ్మ కళ్ళ నీళ్ళు బుగ్గలమీదకి జారాయి.

కళ్ళు తెరిచేసరికి తెల్లారి ఆబ్దికం రోజే వచ్చేసింది. పంతులు పీటమీద సిద్ధంగా ఉన్నాడు.

"గుర్తొచ్చిందా అత్తయ్యా?"

కాళమ్మ ఔనని తలూపింది.

"అయితే చెప్పవే అమ్మా!"

నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరాయె. పైగా స్వామి నోరు మూసుకోమన్నాడాయె.

సోమాచారి ఆలోచించాడు. "పెళ్ళాం పలకకూడదు, కొడుకు పలకొచ్చు. నువ్వు ఊపిరిలో కలిపి వదిలెయ్యమ్మా. నేను పీల్చుకుంటాను. పీల్చడం నా పనేగా!"

కాళమ్మ ఆ పేరునే మనసులో తలుచుకుంటూ కొడుకు మొహం మీదికి గాలి వదిలింది. సోమాచారి గాఢంగా పీల్చాడు. మొహం వెలిగిపోయింది.

"వచ్చింది పంతులుగారూ! మా నాన్న పేరు వెల్లుల్లి!"

"రామ రామ! ఆబ్దికం నాడు ఆ మాట అనకూడదయ్యా!"

"మా నాన్నని పట్టుకుని అంత మాటంటారేంటండీ!"

పంతులికి ఇంకో ఊళ్ళో ఇంకో తద్దినం ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని 'వెల్లుల్లాచారి' అంటూ మొదలెట్టేశాడు. కాదు కాదని కాళమ్మ ముడి ఊడేదాకా తలూపింది.

"అమ్మ ఎంత మురిసిపోతోందో చూశావా!" అన్నాడు లింగాచారి.

కాదనాలంటే అసలుది చెప్పాలి. చెప్పే దారి లేదు. అందుకని పిండం పెట్టిన ప్రతిసారీ అసలు పేరు ఆవిడ లోపల్లోపలే తలుచుకుంది. చేరవలసినవాడికి చేరే ఉంటుంది. ఇక ఆ పేరు ఎక్కడికీ పోదని కూడా ఆవిడకి తెలిసిపోయింది. ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిని హాయిగా నిద్రపోయింది.

కాకపోతే, పంతులంతటివాడు మంత్రంతో పెట్టిన పేరు. అదీ మొగుడి పేరే కదా మరి!

మర్నాడు పచ్చట్లోకి సరుకులు కావాలని కాళమ్మ కొట్టుకెళ్ళింది. జీలకర్ర తీసుకుంది, ఎండుమిరపకాయలు తీసుకుంది.

"ఇంకేం కావాలి పిన్నీ?" అన్నాడు కొట్టతను.

కాళమ్మ కొత్తకోడలిలా సిగ్గుపడి, కొంగు నిండుగా కప్పుకుని, మొహం పక్కకి తిప్పుకుంది.

"మా ఆయన్ని ఓ పావుకిలో తూచు నాయనా. పుచ్చు లేకుండా చూడు."