ఇద్దరి ఊట

గుమ్మటం లోపలి రంగు నీలమో, లేత ఆకుపచ్చో ఇప్పుడు నిశ్చయంగా చెప్పలేను. చూసి చాలా ఏళ్లయింది. రాతిమెట్ల కిందినుంచి ఎగసే వేడి ఆవిరి, అందులోని ఇనుము వాసన మాత్రం జ్ఞాపకంలో చెదరలేదు. జర్మనీ దేశంలో, అడవికొండల నడుమ, బాడ్ ఎర్లెన్‌బ్రున్ అనే స్నానాల ఊరిలో ఆ గుమ్మటపు మంటపం నేటికీ ఉన్నది. తెల్లని స్తంభాల వరుస దాటి లోనికి వెళితే నడుమ బావివలె లోతైన గుంట, దాని అడుగున ఊట. దానిని ఇద్దరి ఊట అంటారు.

పూర్వం ఇక్కడ బండల మధ్య ఒక చీలిక తప్ప మరేమీ లేదు. ఆ సీమను ఏలిన ప్రభువుకు కలలో ఒక సన్యాసిని కనిపించి, ఊట దగ్గరకు మనిషి రావాలి గాని ఊటను మనిషి దగ్గరకు ఈడ్చవద్దని ఆజ్ఞాపించిందట. అందువల్ల ప్రభువు నీటిని పైకి తోడించక, దాని దగ్గరకే నిటారుగా మెట్లు కట్టించాడు. కట్టినవాడు కోన్రాట్ అనే రాతిమేస్త్రీ.

ఏళ్ల తరబడి తడిరాతిపై మోకరిల్లి పనిచేయడంతో కోన్రాట్ మోకాళ్లు బిగుసుకుపోయాయి. ప్రతిష్ఠకు ముందు ఆ నీరు తాగరాదని నియమం. మంటపం పూర్తయ్యాక ఆ నీరే తనను బాగుచేస్తుందని అతని ధైర్యం. మెట్లను అడుగునుంచి పైకి కట్టుకుంటూ వచ్చాడు కనుక, మోకాళ్లు బిగిశాక మళ్లీ కిందికి దిగే పని పడలేదు. తీరా ప్రతిష్ఠ ముగిసిన మరునాటి ఉదయం పైమెట్టు మీద నిలిచినప్పుడు అతనికి సంగతి బోధపడింది. రోగుల కోసం తాను కట్టిన మెట్లు రోగి దిగగలిగినవి కావు. మోకాళ్లు కుదరకపోతే ఇక ఉలి పట్టే బ్రతుకు లేదు. మోయించుకుని దిగుదామంటే, కట్టినవాడే దిగలేకపోయాడని ఊరు నవ్వుతుంది.

అప్పుడే బట్టలుతికే ఒటీలియ అనే పెద్దావిడ వచ్చింది. బట్టలు పిండి పిండి ఆమె చేతివేళ్లు ముడుచుకుపోయాయి.

"ఏం మేస్త్రీ, నీ పనితనానికి నీకే కళ్లు తిరుగుతున్నాయా?"

"దిగలేకున్నానమ్మా."

"కట్టేటప్పుడు మోకాళ్లు ఇంట్లో పెట్టి వచ్చావు కాబోలు," అంటూనే ఆమె చిన్న బాల్చీని మోచేతికి తగిలించుకుని దిగింది. నీరు ముంచుకుని పైకి వచ్చింది గాని, ఆ వేళ్ల మధ్య తాగే గిన్నె నిలవలేదు.

"కాళ్లు నావి, చేతులు నీవి. చూస్తావేం, పట్టు," అన్నది.

కోన్రాట్ గిన్నె నింపి ముందు ఆమె నోటికి అందించాడు. తరువాత తాను తాగాడు. ఆనాటి నుంచి ఇద్దరూ రోజూ అలాగే చేశారు. కొంతకాలానికి సంగతి తెలిసిన ప్రభువు మెట్లు పడగొట్టి వాలుదారి వేయిస్తానని కబురంపాడు. "వేయిస్తే ఎవరికి వారే తాగి పోతారు దొరా. వాటిని అలాగే ఉండనివ్వండి," అని మేస్త్రీ వేడుకున్నాడు. ఆ మాట చెప్పడానికి అతడు కొండమీది కోట వరకు తన కాళ్లతో నడిచి వెళ్లాడు.

నేటికీ అక్కడ ఎవరూ తాము ముంచిన నీటిని తామే పోసుకుని తాగరు. దిగగలిగినవారు దిగి తెస్తారు. పైనున్నవారు గిన్నె పట్టి, ముందు తెచ్చినవారికే తాగిస్తారు. తోడు లేనివారు స్తంభాల వద్ద నిలబడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి "మీరు దిగుతారా, నన్ను దిగమంటారా?" అని అడుగుతారు. అలా సేవించినవారికి కీళ్ల బాధలు శమిస్తాయని, ఒంటరిగా వచ్చినవారు ఒంటరిగా తిరిగి పోరని స్థలవాసుల విశ్వాసం.

మేస్త్రీ మోకాళ్లు ఎన్నాళ్లకు కుదిరాయో ఆ ఊరివారు చెప్పారు. ఇక్కడ కావాలనే రాయలేదు. రాస్తే, చదివినవారు ఆ మెట్ల మీద నిలబడి తమకు నయం కావడానికి ఇంకెన్ని రోజులో లెక్కపెట్టుకుంటారు.