తొమ్మిది చుట్ల నడికట్టులో రివాల్వరు

గుమ్మలూరు సంస్థానం ఏలే నరసింగదేవు రాజాగారికి ఉన్నట్టుండి ప్రాణభయం పట్టుకుంది. ఆయన్ని చంపి పట్టుకుపోయేంత ఆస్తి లేదు. ఎవరైనా పగబట్టేంత పని ఆయన ఎన్నడూ చేసిన పాపాన పోలేదు. అయినా పొరుగు రాజా నడుముకి రివాల్వరు పెట్టుకు తిరుగుతున్నాడని విన్నప్పటినుంచి ఈయనకి కునుకు లేదు.

"మనకీ ఒకటి కావాలి. అది వచ్చాక ఈ కావలివాళ్లెందుకు, దండగ! తీసేద్దాం!"

అంతే, ఆయుధశాల అధికారి భుజంగరావు మీసం దువ్వుకుంటూ దిగాడు. పట్నం నుంచి రెండు రివాల్వర్లు తెప్పించి, మూరెడు పొడుగున్నదాన్ని రాజాగారి ముందు పెట్టాడు. గొట్టం కొసన గురి చూసుకోవడానికి బంగారు మొన ఒకటి కోడిపుంజు జుట్టులా నిక్కి ఉంది.

"ఈ మొనతో వంద గజాల్లో కాకి కన్ను కొట్టొచ్చు ప్రభూ! నిన్ననే పంట్లాం తొడుక్కుని మైదానంలో పేల్చి చూశాను."

రాజాగారికి బట్టలు కట్టే పైడయ్య పక్కనే ఉన్నాడు. వాడి చూపు ఆ మొన మీదే నిలిచిపోయింది. ముప్పై ఏళ్లుగా తన చేతులతో ముస్తాబు చేస్తున్న మనిషాయె, ఈ ఇనప కడ్డీని నమ్ముకుని అన్యాయంగా పోతాడేమో! ఇక ఉండబట్టలేకపోయాడు.

"బాబూ, ఆ రెండోది అరచేతిలో ఇమిడిపోతోంది. మొన కూడా లేదు, గురికి చిన్న గాడి ఉందంతే. అది చాలదా?"

భుజంగరావు పకపకా నవ్వాడు. "పంచెలు కట్టేవాడివి, నీకేం తెలుసురా? దాంతో పది గజాలు దాటితే ఏనుగుని కూడా కొట్టలేం!"

"మీద పడేవాడు వంద గజాల అవతల నిలబడి కబురు పెడతాడా అయ్యా?"

రాజాగారికి చిర్రెత్తింది. "నోరు లేస్తోందే! రుజువు చెయ్యి. చెయ్యలేకపోయావో, రేపటినుంచి కోటలో కనబడకు."

పైడయ్య దండం పెట్టాడు. "అయితే రావుగారికి ఒక్కపూట నన్ను రాజావారి ముస్తాబు చెయ్యనివ్వండి బాబూ. ఆ పొడుగాటి రివాల్వరులో తూటాలు తీసేయండి. నేను హంతకుణ్ణి, నా చేతికి మసి. నేను ముఖానికి మసి పూసేలోగా ఆయన రివాల్వరు తీసి గురిపెడితే నేను ఓడినట్టే."

రాజావారి ముస్తాబు అనగానే భుజంగరావు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. గుమ్మలూరు ఆచారం ప్రకారం దర్బారులో రాజు పట్టుపంచె మీద జరీ నడికట్టు తొమ్మిది చుట్లు చుట్టాలి. పంచె నిలిచేది దాని బలం మీదే. పైడయ్య ఓపిగ్గా తొమ్మిదీ చుట్టి, రివాల్వరు అందులో దోపాడు.

దర్బారు కిటకిటలాడింది. "చంపేస్తా!" అంటూ పైడయ్య గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చాడు.

భుజంగరావు రివాల్వరు లాగాడు. మొన జరీలో చిక్కుకుంది. పళ్లు బిగించి మళ్లీ లాగాడు. ఒక చుట్టు ఊడింది, రెండోది ఊడింది, అయిదోదానికి పంచె జారింది! అమ్మబాబోయ్ అంటూ రివాల్వరు వదిలేసి రెండు చేతులా పంచె పట్టుకున్నాడు. పైడయ్య తీరిగ్గా వచ్చి రెండు బుగ్గలకీ మసి పూశాడు.

"అదేమిటయ్యా, ప్రాణం మీదికొస్తే రివాల్వరు వదిలేశావేం?" అని అరిచారు రాజాగారు.

భుజంగరావు పంచె బిగించుకునే పనిలో ఉన్నాడు. పైడయ్యే చెప్పాడు:

"ప్రాణం కావాలా, పంచె కావాలా అంటే, పెద్దమనుషులెవరైనా పంచే పట్టుకుంటారు ప్రభూ!"

దర్బారంతా గొల్లున నవ్వింది. రాజాగారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, కావలివాళ్లని ఉండమన్నారు. చిట్టి రివాల్వరు తను తీసుకుని, ఆయుధశాల తాళాలు పైడయ్య చేతిలో పెట్టారు.