గవరమ్మ చీర

వినండి తల్లుల్లారా, వినండి అయ్యల్లారా. కొండ మీదికి మొదటి మట్టిరోడ్డు పడిన కాలంలో జరిగింది ఇది. అక్కడ మూడు ఊళ్లు. మూడు ఊళ్లకీ కలిపి ఒకటే జీపు. దాన్ని నడిపే మనిషి జ్వరమొచ్చి పోయాడు. జీపు అతని భార్య గవరమ్మకి మిగిలింది.

భర్త పక్కన కూచుని చూసీ చూసీ నడపడం ఆమెకి వచ్చింది. బాగుచెయ్యడమే రాలేదు. ఓ రోజు జీపు దగ్గి ఆగిపోయింది. మెకానిక్ కావాలంటే రెండు రోజుల నడక. పెట్రోలుకి గాలి కలిపే కార్బురేటర్ లో నలక పడిందని ఆమెకి తోచింది.

మొదటిసారి వాకిట్లో ఇసక మీద విప్పింది. చిన్న స్ప్రింగు ఎగిరి ఇసకలో పడింది. మూడు రోజులు జల్లెడ పడితే గాని దొరకలేదు.

రెండోసారి మరలన్నీ ఒకే గిన్నెలో వేసింది. బిగించాక రెండు మిగిలాయి. జీపు కదల్లేదు. ఊరంతా నవ్వింది. గవరమ్మ ఇంట్లోకెళ్లి తలుపేసుకుని ఏడ్చింది.

మూడోసారి పాత నేత చీర పరిచింది. ఒక్కొక్కటీ విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చింది. బిగించేటప్పుడు కుడి నుంచి వెనక్కి వచ్చింది. "మొదట తీసింది చివర్న బిగించు" అని తనకి తనే చెప్పుకుంది. ఒక్కటీ మిగల్లేదు. జీపు మోగింది.

ఆ ఏడు వానలు ముసురు పట్టాయి. ఎగువూరి దాలమ్మకి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందంది మంత్రసాని. గవరమ్మ ఆమెని ఎక్కించుకుని కొండ కింద ఆస్పత్రికి బయల్దేరింది. మూడో మలుపు దగ్గర జీపు దగ్గి ఆగిపోయింది.

గవరమ్మ దిగి బండరాయి మీద చీర పరిచింది.

"అత్తా, బేగి కానీ!" అన్నాడు దాలమ్మ మొగుడు సింహాద్రి. లోపల దాలమ్మ మూలుగుతోంది.

"బేగి అంటే ఒకటి మిగిలిపోద్ది నాయనా. నువ్వు గొడుగు పట్టు. చీర తడవనీకు."

ఒకటి తీసి పెట్టింది, పక్కన ఇంకోటి పెట్టింది. నలక చిక్కిన ఇత్తడి ముక్క నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదింది. పెట్రోలు చేదు గొంతులోకి దిగింది. "మొదట తీసింది చివర్న బిగించు" అనుకుంటూ వెనక్కి వచ్చింది.

జీపు మోగింది. తల్లీ బిడ్డా దక్కారు.

బాలింత స్నానం అయ్యాక దాలమ్మ బిడ్డని చంకనేసుకుని వచ్చింది. "అత్తా, నాకూ నేర్పు" అంది. ఆమె వెనక మూడు ఊళ్ల నుంచీ జనం వచ్చారు. గవరమ్మ కాదనలేదు. ఎవరొచ్చినా చీర పరిచింది, పక్కన కూచోబెట్టుకుంది, మరలు విప్పే పానా వాళ్ల చేతికే ఇచ్చింది.

ఏళ్లు గడిచి గవరమ్మ పోయింది. ఆ చీర మాకు కావాలంటే మాకు కావాలని మూడు ఊళ్లూ పట్టుబట్టాయి. దాలమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. గవరమ్మకే కప్పి సాగనంపింది. మర్నాడు జీపు ముందు తన పెళ్లిచీర పరిచి కూచుంది.

ఇప్పుడా కొండ మీద ఇంటింటా ఓ బండి ఉంది. ఎవరి బండి వాళ్లే విప్పుకుంటారు. విప్పే ముందు ఇంట్లో ఆడవాళ్లు పానా దాచిపెట్టి అడుగుతారు:

"గవరమ్మ కూచుందా?"

చీర పరిచి, "కూచుంది" అంటేనే పానా చేతికిస్తారు.