లాప్‌టాప్‌కు చేసిన ఆయుధపూజ

వెంకటగిరిలో నీలకంఠం అనే నేతగాడు ఉండేవాడు, ఎవరి మీదైనా ఒకసారి కోపం పెట్టుకున్నాడంటే ఇక చచ్చినా వదిలేవాడు కాదు.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టేవాళ్లు లేరు. చీర అంచులో ఒక్క పోగు పక్కకు జరిగినా జానెడు నేత విప్పించి మళ్లీ నేయించేవాడు. చదువు లేదు, సంతకం వరకే వచ్చు. అయినా తండ్రి గళ్ల కాగితాల మీద గీసిన నలభై అంచుల డిజైన్లు ఆయన దగ్గర ఉండేవి. ఆ కాగితాలకు చెద పట్టింది. అవి పొడైపోకముందే కోడలు రేవతి నాలుగు నెలలు కూర్చుని, ఒక్కో గడీ చూసుకుంటూ అన్నింటినీ లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. అప్పటినుంచి నీలకంఠం ఆ లాప్‌టాప్‌ను మగ్గంతో సమానంగా చూసేవాడు.

అందుకే దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు మగ్గం, రాట్నం, కత్తెరల వరసలో దాన్నీ తెరిచి పెట్టాడు. బొట్టు పెట్టాడు. మామిడాకుతో పసుపునీళ్లు చల్లాడు. గుప్పెడు అక్షింతలు వేసి దణ్ణం పెట్టుకున్నాడు.

"దానికి బొట్టు చాలు మామయ్యా!" అని రేవతి అంటూనే ఉంది.

"మగ్గానికి అన్నీ చేసి దీనికి బొట్టుతో సరిపెడితే ఇది చిన్నబుచ్చుకోదూ?" అన్నాడు నీలకంఠం.

రెండు రోజులకు లాప్‌టాప్ ఆగిపోయింది. బటన్ నొక్కితే వెలగదు. ఛార్జరు పెట్టినా ఉలకదు, పలకదు. సోమవారానికల్లా హంసల అంచు చీరలు మగ్గమెక్కాలి. చేనేత సొసైటీ వాళ్లకు మాటిచ్చేశారు. తండ్రి గీసిన కాగితాలు పొడైపోయాక ఆ హంసల అంచు ఆ లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

"మస్తాన్‌కు చూపిద్దాం మామయ్యా. ఇలాంటివి బాగుచేసేది మన బజారులో అతనొక్కడే," అంది రేవతి.

"వాడి పేరు నా ముందు ఎత్తకు!"

మూడేళ్ల కిందటి మాట అది. రేడియో మోగడం లేదని నీలకంఠం మస్తాన్ కొట్టుకు తీసుకెళ్లాడు. మస్తాన్ దాన్ని తెరిచి చూసి, "రేడియోకేం కాలేదు పెద్దాయనా, మీరే సెల్లు తిరగేసి పెట్టారు" అన్నాడు. కొట్లో ఉన్న నలుగురూ పకపకా నవ్వారు. అంతే. ఆ రోజునుంచి నీలకంఠం ఆ కొట్టు ముందునుంచి నడవలేదు. ఎంత ఎండైనా వెనక సందు చుట్టి వెళ్లేవాడు.

"కొత్తది కొందాం, పద," అన్నాడు.

"పోగు తెగితే అతుకుతాం గానీ మగ్గాన్నే మార్చేస్తామా మామయ్యా?"

"మగ్గం వేరు, ఇది వేరు. నడువు."

పెద్ద బజారులో కొత్తవి అమ్మే షాపుకు వెళ్లారు. "పాతది మాకిచ్చేయండి, కొత్తదాని మీద ధర తగ్గిస్తాం" అన్నాడు షాపతను.

"ఇందులోని డిజైన్లు కొత్తదాంట్లోకి వస్తాయిగా?" అని అడిగాడు నీలకంఠం.

"ఆ పూచీ మాది కాదండీ. మేం తెరిచి కూడా చూడం. పాతవన్నీ కలిపి తూకానికి వేసేస్తాం."

తూకానికి!  కాగితం మీదికి వంగి, ఊపిరి బిగబట్టి ఒక్కో హంస గీసిన తండ్రి నీలకంఠానికి కళ్లముందు మెదిలాడు. లాప్‌టాప్ మీద వేసిన చేయి తీయలేకపోయాడు.

రేవతి వైపు తిరిగి, "ఆ మస్తాన్ కొట్టు ఇంకా అక్కడే ఉందా?" అన్నాడు.

"రోజూ దాన్ని తప్పించుకుని తిరిగేది మీరేగా మామయ్యా, మీకు తెలీదా?" అంది రేవతి.

మస్తాన్ వాళ్లను చూసి లేచి నిలబడ్డాడు. "రండి పెద్దాయనా. దారి తప్పి వచ్చారా ఏంటి?"

నీలకంఠం లాప్‌టాప్ అతని చేతికిచ్చాడు. మస్తాన్ మరలు విప్పుతుంటే పక్కనే నిలబడి, ఎక్కడ చేయి జారుతుందోనని కళ్లార్పకుండా చూశాడు. మూత లేచింది. మస్తాన్ చేతులు ఆగిపోయాయి. పట్టకారుతో ఫ్యాను రెక్కల మధ్యనుంచి ఒక పసుపు గింజ తీశాడు. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. స్విచ్చి కింద పసుపు మరక ఎండిపోయి ఉంది.

బల్ల మీద కూర్చున్న ఒకతను మెడ చాచాడు. ఆ రోజు రేడియో దగ్గర నవ్వినవాళ్లలో అతనూ ఒకడు. "ఏమైందంట మస్తానూ? మళ్లీ సెల్లు తిరగేశాడా?"

మస్తాన్ గుప్పిట మూసేశాడు. "ఏం లేదు, దుమ్ము. మగ్గాల ఇంట్లో దూది దుమ్ము మామూలేగా."

నీలకంఠం ఆ గుప్పిట వంక చూశాడు. ఊరుకుంటే అంతటితో పోయేది. కానీ చీరలో ఒక్క పోగు తప్పును దాచనివ్వని మనిషికి ఆ అబద్ధం మింగుడుపడలేదు.

"దుమ్ము కాదు," అన్నాడు పైకే. "గుప్పిట తెరువు మస్తానూ. అవి అక్షింతలు. ఆయుధపూజలో నేనే వేశాను, గుప్పెడు వేశాను. పసుపునీళ్లూ నేనే చల్లాను."

కొట్లో అందరూ నవ్వారు. ఒక్క క్షణం ఆలస్యంగా నీలకంఠమూ నవ్వాడు.

మస్తాన్ లోపలంతా శుభ్రంగా తుడిచాడు. పాడైన స్విచ్చి తీసి కొత్తది వేశాడు. బటన్ నొక్కాడు. ఫ్యాను సన్నగా తిరిగింది. తెర వెలిగింది. రేవతి గబగబా వెతికి డిజైను తెరిచింది. హంసలు బారులు తీరి ఉన్నాయి. నీలకంఠం ఒక్కొక్క హంస మీదా వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. ముక్కులు, రెక్కలు, తోకలు అన్నీ ఉన్నాయి. పెద్దగా ఊపిరి వదిలి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ రోజు నువ్వు కూడా నవ్వావా మస్తానూ?"

"లేదు పెద్దాయనా. వాళ్లు వింటారని చూసుకోకుండా గట్టిగా అనేశాను. అది మాత్రం నా తప్పే."

"నవ్వనేలేదా! నీ మూలాన మూడేళ్లు ఆ సందు చుట్టి నా మోకాళ్లు అరిగిపోయాయి కదరా!" అన్నాడు నీలకంఠం.

ఆ సాయంత్రం ఆయన కోడలితో కలిసి బజారులోంచే తిన్నగా ఇంటికి నడిచాడు. సోమవారం హంసల అంచు మగ్గమెక్కింది. ఆ మరుసటి దసరాకు లాప్‌టాప్‌కు బొట్టు మాత్రమే పెట్టాడు.

వస్తువునైనా మనిషినైనా లోపల ఏముందో విప్పి చూడకుండా పనికిరాదని వదిలేయకూడదు. విప్పి చూసినప్పుడు తప్పు మనదేనని తేలితే దాచకుండా ఒప్పుకోవాలి.