దొర కడియం వద్దన్న ఓబులమ్మ

ఇలా దగ్గరికి జరుగు బంగారూ, దుప్పటి కప్పుకో.

అనగనగా, ఎండకి బండలు పగిలే సీమలో గువ్వలదిన్నె అని ఒక ఊరు. ఆ ఊరికి ఒకటే చెరువు. తూము తెరిచి ఎవరి మడికి ఎన్ని నీళ్ళు వదలాలో చూసే మనిషిని నీరుగంటి అంటారు. ఆ నీరుగంటిని కోటలో దొర పెట్టేవాడు. ఊరివాళ్ళని ఒక్క మాట అడిగేవాడు కాదు.

మొదట తన బావమరిదిని పెట్టాడు. వాడు నీళ్ళన్నీ దొర పొలాలకే మళ్ళించాడు. ఆ తర్వాత కోట కాపలావాణ్ణి పెట్టాడు. వాడు కాళ్ళు మొక్కినవాళ్ళకే తూము తెరిచాడు. ఆ తర్వాత తన వేట నేస్తాన్ని పెట్టాడు. వాడు చెరువుగట్టు మొహమే చూడలేదు. గట్టుకి గండి పడి సగం నీళ్ళు వాగు పాలయ్యాయి.

అందరికంటే చివరి మడి ఓబులమ్మది. కంకి పట్టే వేళకి పైరంతా మాడిపోయింది. పిల్లలకి గంజి కూడా లేదు. ఓబులమ్మ కుమిలి కుమిలి ఏడ్చింది. అప్పుడు కళ్ళు తుడుచుకుని ఊరిని చావిడి దగ్గరికి పిలిచింది.

"దున్నేది మనం, ఎండేది మనం. నీరుగంటిని పెట్టేది మాత్రం ఆయనా? ఈసారి మనమే ఎంచుకుందాం."

"నువ్వు నిలబడతావా?" అన్నాడు కుమ్మరి తిక్కన్న.

"నిలబడతా. నేను కావాలనుకున్నవాళ్ళు నా వెనక్కి రండి. వద్దనుకుంటే ఇంకొకరిని నిలబెట్టుకోండి."

దొర మనుషులు కర్రలు పట్టుకుని చూస్తున్నారు. వాళ్ళకి జడిసి ఊరివాళ్ళెవరూ కదల్లేదు. అప్పుడు మంత్రసాని లచ్చుమవ్వ, నడుం వంగిపోయిన ముసలిది, ఊతకర్ర ఊనుకుంటూ వచ్చి ఓబులమ్మ వెనక నిలబడింది.

"ఈ ఊళ్ళో సగం మందిని భూమ్మీద పడేసింది నేనే. నన్ను కొట్టేదెవడో రమ్మను!" అంది.

అప్పుడు తిక్కన్న వచ్చాడు. ఆ తర్వాత ఊరు ఊరంతా వచ్చేసింది.

కబురు విని దొర గుర్రమెక్కి వచ్చాడు. "నిన్ను నీరుగంటిని చేసిందెవరే?"

"వీళ్ళు, దొరా. మరి మిమ్మల్ని దొరని చేసిందెవరు?"

"మా నాయన!"

"ఆయన్ని?"

"వాళ్ళ నాయన!"

ఎవరో కిసుక్కున నవ్వారు. దొర ముఖం కందగడ్డయింది. కానీ ఊరంతటినీ కొట్టిస్తే ఆయన పొలం దున్నేదెవరు? అందుకని మాట మార్చాడు. చేతి కడియం తీసి చాపాడు.

"సరే, నేనే నిన్ను పెడుతున్నా. బతికినన్నాళ్ళూ నువ్వే నీరుగంటివి. తీసుకో."

ఓబులమ్మ చెయ్యి చాపలేదు.

"మీరిచ్చింది మీరే లాక్కుంటారు దొరా. రేపు నేనే తప్పు చేస్తే, నన్ను దించే హక్కు వీళ్ళకి ఉండాలా వద్దా? మీ కడియం నాకొద్దు."

దొర గుర్రం వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఓబులమ్మ గండి పూడ్పించింది. అందరి మళ్ళూ తడిపింది.

మరుసటి వానాకాలం, ఆ ఏటి నీరుగంటిని ఎంచుకోడానికి ఊరు మళ్ళీ చావిడి దగ్గర చేరింది. ఈసారి ఎక్కువమంది తిక్కన్న వెనక నిలబడ్డారు. ఓబులమ్మ మనసు చివుక్కుమంది. చివుక్కుమనదూ మరి? అయినా తూము తెరిచే గడకర్ర తానే తెచ్చి తిక్కన్న చేతికిచ్చింది.

"వంకర పోయావో, వచ్చే ఏడు నీకెదురు నిలబడేది నేనే!" అంది.

కథ వెళ్ళె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
మాట మిగిలె మనకి,
మనం పోదాం ఇంటికి!