నడిమి గీత

కుండలు కాల్చే ఆవం ముట్టించే ముందు కుమ్మరి తన గురువు పేరు పైకి చెప్పుకోవడం ఆ ఊళ్లో ఆచారం. తిరుమలప్ప మాత్రం నలభై ఏళ్లుగా నోరు మెదపకుండానే నిప్పు పెడుతున్నాడు. మర్నాడు తన మొదటి ఆవం ముట్టించబోతున్న శిష్యురాలు సుంకమ్మ ధైర్యం చేసి అడిగింది. "అయ్యా, రేపు నేను మీ పేరు చెబుతా. మీ పైన ఎవరి పేరు చెప్పాల?"

తిరుమలప్ప కండువా దులిపి భుజాన వేసుకుని, "పద, బస్సుకు పోదాం" అన్నాడు.

పట్నంలో యూనివర్సిటీ వాళ్ల మ్యూజియం ఉంది. తమ ఊరి పాత కుండ ఒకటి అక్కడ పెట్టారని ఎప్పుడో విన్నాడు గానీ, పంతం కొద్దీ చూడబోలేదు. అద్దాల వెనక ఈజిప్టు జాడీలు, గ్రీకుల కూజాలు, చైనా గిన్నెలు. తిరుమలప్పకు చదువు అంతంతమాత్రం కాబట్టి సుంకమ్మే చీటీలు చదివి వినిపించింది. ముసలాయన ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు.

"దీని మూతి వంకర. దానికి అడుగు మందం."

"రెండువేల ఏళ్ల నాటిదంటయ్యా!"

"అయితే మాత్రం? వంకర వంకరే గదా."

చివరి గదిలో ఆగిపోయాడు. ఎర్రటి నీళ్లకుండ. మెడ కింద మూడు వేళ్లతో తీసిన మూడు గీతలు, నడిమిది మాత్రం ఆనీ ఆననట్టుంది. తిరుమలప్పకు పని నేర్పిన ఓబులేసు నడిమివేలి కొస తెగి ఉండేది. తడిమట్టి మీద తిరిగే ఆ వేళ్లు, సారె పక్కన అంబలి ముంత, పని కుదిరినప్పుడు ఆయన తీసే కూనిరాగం, అన్నీ కళ్ల ముందుకొచ్చి నిలబడ్డాయి. ఆ రోజుల్లో తిరుమలప్ప భక్తి కొద్దీ తన కుండలకూ నడిమి గీత సన్నంగానే తీశాడు. ఓబులేసు పదిమంది ముందర వాటిని కర్రతో పగలగొట్టి, "నా వేలు తెగిందిరా, నీ వేలికేం రోగం?" అన్నాడు. ఆ పూటే ఆయన్ని వదిలి వచ్చేసిన తిరుమలప్ప, ఆయన చావుకు కూడా పోలేదు.

"ఏం రాసుంది?"

"చేసినవారు తెలియదు అని ఉందయ్యా."

కాపలా ఉన్నామె దగ్గరికొచ్చింది. "మీకు తెలిస్తే చెప్పండి పెద్దాయనా, ఆఫీసులో రాయిస్తా."

తిరుమలప్ప దవడ బిగించి, "ఓబులేసు" అన్నాడు.

"మీకేమవుతారు?"

"నా కుండలు పగలగొట్టినాయన."

తిరుగు బస్సులో సుంకమ్మ మెల్లగా అడిగింది. "కోపం పోయినట్టేనా అయ్యా?"

"యాడికి పోతాది!" అన్నాడు తిరుమలప్ప, తన మూడు వేళ్లూ చూసుకుంటూ. "రేపు ఆయన పేరు ముందు చెప్పు. కాస్త గట్టిగా చెప్పు. నాకు వినపడాల."