కూత లేని పల్లకీ

ఒకానొక రాజ్యంలో రణధీరుడనే రాజు ఉండేవాడు. రాజ్యం పేరు చెబితే ఇప్పటికీ నొచ్చుకునేవాళ్లున్నారు కనుక చెప్పను. ఆయన పేరుకే రణధీరుడు, యుద్ధమంతా పద్యాలతోనే. పల్లకీ ఎక్కితే చాలు, పద్యం పుట్టుకొచ్చేది.

పల్లకీ మోసే బోయీలకు ఒక పద్ధతి ఉంది. వెనక బొంగు పట్టినవాడికి పల్లకీ అడ్డమై దారి కనిపించదు. అందుకని ముందున్నవాడు "రాయుంది", "గుంటుంది, ఎడంకి రా" అని కూత పెడతాడు. ఆ కూతలకు రాజుగారి పద్యం చెడిపోతోందట! కూత పెట్టినవాడికి కొరడా దెబ్బలని ఆజ్ఞ అయింది.

నెల తిరక్కుండానే కొండదారిలో, వెనక బొంగు మోస్తున్న ఓబన్న గుంటలో కాలేశాడు. పల్లకీ అతని మోకాలి మీద పడింది. రాజుగారి నుదుట బొప్పి కడితే వైద్యులు గుంపుగా పరుగెత్తుకొచ్చారు. ఓబన్నను మాత్రం దారి పక్కన పడుకోబెట్టి వెళ్లిపోయారు. ఆ కాలు మళ్లీ నిలవలేదు. కాలు లేని బోయీ ఇంట్లో పొయ్యి ఎన్నాళ్లు వెలుగుతుంది?

పరిహారం అడగబోతూ ఓబన్న ముందు తమ్ముడి వీపునెక్కి పేరన్న ఇంటికి వెళ్లాడు. పేరన్న ఆస్థానంలో హాస్యగాడు. నోరు దురుసు, మనసు వెన్న.

"సభలో ఏమైతాదో చెప్పు సామీ," అన్నాడు ఓబన్న.

"మొదట నీ కాలు విరగనే లేదంటారు. విరిగిందని తేలితే తప్పు నీదంటారు. ఆపైన జాలిపడ్డట్టు మూటెడు జొన్నలిచ్చి పొమ్మంటారు. ఆకలి మీదున్నావు, మూట చూడగానే చెయ్యి చాపుతావు. చాపకు. తక్కింది నేను చూసుకుంటాను."

అచ్చం అలాగే జరిగింది. మంత్రి విద్దనామాత్యుడు "ఏదీ, నడిచి చూపించు" అన్నాడు. ఓబన్న లేవబోయి కూలబడ్డాడు. నటన అన్నాడు మంత్రి. రాజవైద్యుడు మోకాలు తడిమి, ఎముక నుగ్గయిందని చెప్పాడు.

"అయితే కానీ!" అన్నాడు మంత్రి. "ముందు నడిచినవాళ్లు పడలేదు, వీడే పడ్డాడు. తప్పు వీడి కాలిదే. నిజానికి ఏలినవారి బొప్పికి వీడే పరిహారం ఇచ్చుకోవాలి. పోనీ పాపం, ఒక మూట జొన్నలు పట్టుకుపొమ్మనండి."

ఓబన్న తన ముందు పెట్టిన మూట వంక చూశాడు. ఇంట్లో పస్తున్న పిల్లలు గుర్తొచ్చారు. పేరన్న గట్టిగా దగ్గాడు. చాచబోయిన చెయ్యి వెనక్కి వెళ్లింది.

"మంత్రివర్యుల మాటకు తిరుగేముంది?" అంటూ పేరన్న లేచాడు. "జాగ్రత్తగల కాలు తడబడదని వారే నడిచి చూపిస్తే తగవు తీరిపోతుంది. ఏలినవారు పల్లకీ ఎక్కాలి, మంత్రివర్యులు వెనక బొంగు పట్టాలి. కూత మాత్రం ఎవరూ పెట్టకూడదు. ఆజ్ఞ ఆజ్ఞే."

రాజుకు ఇది వేడుకగా తోచింది. సభంతా తోటలోకి తరలింది. ఓబన్నను కూడా ఎత్తుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టారు. మంత్రి తలపాగా సర్దుకుని బొంగు భుజానికెత్తుకున్నాడు. ముందు ఓబన్న తమ్ముడు లింగన్న, పెదవి విప్పకుండా నడిచాడు.

తోట మధ్యలో నీటికాలువ ఉంది. లింగన్న దాన్ని అంగ వేసి దాటాడు. వెనక మంత్రి రాచఠీవితో తిన్నగా కాలువలోకే వస్తున్నాడు.

"కాలువ! కాలువుంది మంత్రీ, చూసుకో!"

ఆ గావుకేక పెట్టింది పల్లకీలోని రాజుగారే. మంత్రి కాలు అంచు మీదే ఆగిపోయింది.

పేరన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, కూత పెట్టినవారికి కొరడా దెబ్బలని ఆజ్ఞ. కొరడా తెప్పించమంటారా?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభ నవ్వింది. మంత్రికీ నవ్వక తప్పలేదు. ఓబన్న ఒక్కడే నవ్వలేదు.

"దొరా," అన్నాడు నెమ్మదిగా, "ఆ పొద్దు కొండదారిలో గూడా తమకు గుంట కనపడే ఉంటాది గదా?"

రాజు నవ్వు ఆగిపోయింది. తల దించుకున్నాడు.

"కనపడింది," అన్నాడు. "పద్యం ఆఖరి పాదం అప్పుడే కుదురుతోంది. నోరు విప్పితే జారిపోతుందని..."

పల్లకీ దిగి, తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఓబన్నకు ఏటిగట్టున మాగాణి రాసిచ్చాడు. కూతల మీది ఆజ్ఞ అక్కడికక్కడే రద్దు చేశాడు. మంచిదే. అయితే మాగాణి ఎంత పండినా మోకాలు మొలవదు గదా.

రాజు తన చేతి కంకణం తీసి పేరన్నకు అందించాడు. పేరన్న చెయ్యి చాపలేదు.

"ప్రభూ, ఈ తెలివి నాకు వీడి కాలు విరగకముందు వచ్చి ఉంటే కళ్లకద్దుకుని పుచ్చుకునేవాణ్ణి."

రాజు ఆ చెయ్యి పట్టుకుని కంకణం తనే తొడిగాడు. ఈసారి ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.